మా వారికి జర్మనీలో ఉద్యోగం, నేను పిల్లల వైద్యురాలిని: వెళ్లి స్థిరపడాలా?

మేఘమాల

నమస్కారం. కొంచెం పెద్ద ఉత్తరం, ఓపికగా చదవమని మనవి.

మా వారు సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నారు. జర్మనీలోని ఒక సంస్థ ఆయనను ఎంపిక చేసింది. జీతం బాగుంది. బ్లూ కార్డు (ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) వీసాకు కావలసిన కాగితాలు సంస్థే ఇస్తుంది. మూడు వారాల్లో మా నిర్ణయం చెప్పాలి. నేను పిల్లల వైద్యురాలిని, ఒక ఆసుపత్రిలో పదేళ్లకు పైగా పని చేస్తున్నాను. మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. అత్తయ్య మాతోనే ఉంటారు. డెబ్బై దాటారు, మోకాళ్ల నొప్పి తప్ప ఆరోగ్యంగానే ఉన్నారు.

ఎవరిని అడిగినా ఒకటే మాట: ఇంత మంచి అవకాశం వస్తే ఇంకా ఆలోచించడం ఏమిటని. నా పని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తిన ఒకరిద్దరు కూడా "డాక్టరువి, నీకేం తక్కువ, ఎక్కడైనా పని దొరుకుతుంది" అని తేల్చేశారు. నాకు అంత తేలికగా కనిపించడం లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పక్కన నిలబడి, అరచేయంత ఛాతీ ఎగిసిపడటం చూస్తూ ఊపిరి లెక్కపెడుతున్నప్పుడు, ఈ పని లేకుండా నేను ఉండగలనా అనిపిస్తుంది.

నాలుగేళ్లు సంపాదించుకుని తిరిగి రావాలన్న లెక్క కాదు మాది. వెళితే అక్కడే స్థిరపడాలన్నది మా వారి ఆలోచన. ఆయన మొండి మనిషి కాదు, నన్ను బలవంతం చేయడం లేదు. అందుకే నిర్ణయం మరింత బరువుగా ఉంది. అక్కడ ఉన్నవారు, ఉండి వచ్చినవారు, వెళ్లకూడదని నిశ్చయించుకున్నవారు మీకు తెలిసింది చెప్పండి.

ఉత్తరపు గాలి

మేఘమాల గారూ, మీ వారి రంగమే నాది. కుటుంబంతో జర్మనీలోనే ఉంటున్నాను. ముందుగా అభినందనలు.

మీరు భయపడుతున్నంత ఇబ్బంది లేదని నా అభిప్రాయం. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామి వీసా కోసం ముందే జర్మన్ పరీక్ష రాయనవసరం లేదు. వచ్చిన నాటి నుంచి ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అమెరికాలో హెచ్‌1బి మీద వెళ్లినవారి జీవిత భాగస్వామికి మామూలుగా ఈ హక్కు ఉండదు. ఇది చిన్న తేడా కాదు.

స్థిరపడటం విషయానికొస్తే, బ్లూ కార్డుతో 27 నెలలు పని చేసి పింఛను చందా కట్టి, ఏ1 స్థాయి (భాషా పరీక్షల్లో మొదటి మెట్టు) జర్మన్ చూపిస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు. బి1 (మధ్య మెట్టు) ఉంటే 21 నెలలు చాలు. పౌరసత్వానికి మునుపు ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చేది, 2024 జూన్ 27 నుంచి అయిదేళ్లకు తగ్గించారు. పాత పౌరసత్వం వదులుకోవాలని జర్మనీ ఇప్పుడు అడగదు. మీ దేశం ఒప్పుకుంటుందా లేదా అన్నది వేరే సంగతి.

వైద్యుల కొరత ఇక్కడ చాలా ఉంది. రండి, అన్నీ సర్దుకుంటాయి.

పాత చెట్టు

నేను చాలాకాలం బయట ఉండి తిరిగి వచ్చినవాణ్ని. ఉత్తరపు గాలి గారు చెప్పిన వివరాలు సరైనవే. "అన్నీ సర్దుకుంటాయి" అన్న మాటతోనే నాకు పేచీ. సర్దుకోవాల్సింది ఎవరు? ఉద్యోగం చేతిలో పట్టుకుని దిగేవారికి కుర్చీ, బల్ల, పలకరించే నలుగురు, నెలాఖరుకు జీతం అన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. వెంట వచ్చేవారికి అద్దె ఇంటి తాళంచెవి మాత్రమే ఉంటుంది. విదేశం నుంచి తిరిగివచ్చిన కుటుంబాలను నేను చాలా చూశాను. ఉద్యోగం పోయి వచ్చినవారికంటే, వెంట వెళ్లినవారు అక్కడ ఇమడలేక వచ్చినవారే ఎక్కువ.

అందుకే అమ్మా, మీ వారి జీతాన్ని కాసేపు పక్కన పెట్టండి. అక్కడ మీరు ఏమవుతారన్నది తేలితే మిగతావన్నీ వాటంతట అవే తేలతాయి. అది తేలకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా సగమే.

ఇంకొకటి. "స్థిరపడాలి" అన్న నిశ్చయం విమానం ఎక్కకముందే చేసుకోనక్కరలేదు. అది అక్కడ కొన్ని చలికాలాలు గడిపాక తెలిసే సంగతి.

ఉత్తరపు గాలి

పాత చెట్టు గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ ఇలా భయపెడితే ఎవరూ కదలరు. నా భార్య కూడా వెంట వచ్చినావిడే. ఈరోజు ఆమెకు నాకంటే ఎక్కువ మంది స్నేహితులు ఉన్నారు.

పాత చెట్టు

సంతోషం. ఆవిడ ఏ వృత్తిలో ఉండేవారు? అది పూర్తిగా అదే వృత్తిగా కొనసాగిందా? తప్పు పట్టడానికి అడగడం లేదు, మేఘమాల గారికి పనికొచ్చేది ఆ జవాబే కాబట్టి అడుగుతున్నాను.

ఉత్తరపు గాలి

బ్యాంకులో ఉండేవారు. ఇక్కడ రెండేళ్లు భాష నేర్చుకుని, ఇప్పుడు ఒక సంస్థలో లెక్కల విభాగంలో పని చేస్తున్నారు. మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. బ్యాంకు పనికి లైసెన్సు అక్కరలేదు, వైద్యానికి కావాలి. ఆ దారి నడిచినవారు ఎవరైనా చెబితే బాగుంటుంది.

తెల్లకోటు

నేను నడిచాను. నాది అంతర్గత వైద్యం (ఇంటర్నల్ మెడిసిన్), పిల్లల వైద్యం కాదు, కానీ దారి అదే.

మేఘమాల గారూ, "ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు" అన్న వీసా హక్కు వైద్యానికి సరిపోదు. జర్మనీలో డాక్టరుగా పని చేయాలంటే అప్రోబాట్సియోన్ అనే శాశ్వత అనుమతి ఉండాలి. దాన్ని కేంద్ర ప్రభుత్వం ఇవ్వదు, మొత్తం 16 రాష్ట్రాల్లో మీరు పని చేయదలచిన రాష్ట్రపు అధికారులు ఇస్తారు. ఒక రాష్ట్రం అడిగే కాగితాలు ఇంకో రాష్ట్రం అడిగేవాటితో అచ్చంగా కలవవు. అందువల్ల మీ వారి సంస్థ ఏ రాష్ట్రంలో ఉందో ముందు చూడండి, మీ దరఖాస్తు ఎక్కడికి వెళ్లాలో తేల్చేది అదే.

భాష దగ్గర మొదలు పెడతాను, అసలు కాలం తినేది అదే. మామూలు జర్మన్ బి2 స్థాయిలో రావాలి. ఆ పైన వైద్యపు జర్మన్‌లో సి1 స్థాయి పరీక్ష ఉంటుంది, ఫాఖ్‌ష్ప్రాఖ్‌ప్రూఫుంగ్ అంటారు. మూడు భాగాలు, ఒక్కొక్కటి 20 నిమిషాలు. మొదటిదానిలో రోగి పాత్ర పోషించే మనిషి మీ ఎదుట కూర్చుంటారు. ఆయన పుస్తకాల భాష మాట్లాడడు. "ఇక్కడ గుచ్చుతోంది, నిన్నటి నుంచి మాత్రం పీకుతోంది" అని నొప్పిని తన మాటల్లో చెబుతాడు. మీరు వైద్య పదాలు వాడకుండా ప్రశ్నలు వేయాలి, అతని భయాన్ని గమనించాలి, జవాబులు రాసుకోవాలి. రెండో భాగంలో ఆ వివరాలతో డాక్టరు ఉత్తరం రాయాలి. ఇక్కడ ఆసుపత్రుల్లో సగం బతుకు ఆ ఉత్తరాలే. మూడో భాగంలో ఆ రోగి సంగతి పెద్ద డాక్టరుకు చెప్పినట్టు చెప్పాలి, అప్పుడు మాత్రం లాటిన్ పదాలు రావాలి. మీ వైద్య జ్ఞానం అక్కడ పరీక్షకు పెట్టరు, ఒకే సంగతిని రోగితో ఒక భాషలో, డాక్టరుతో మరో భాషలో మాట్లాడగలరా అన్నదే చూస్తారు.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. మీ రోగులు పిల్లలు. నాలుగేళ్ల బిడ్డ కడుపునొప్పిని ఎలా చెబుతుందో ఏ భాషా పుస్తకంలోనూ ఉండదు. దానికి పిల్లలతో కూర్చోవడం ఒక్కటే మార్గం.

భాష తర్వాత చదువు. మీ వైద్య విద్య జర్మనీ చదువుకు సమానమా అని కాగితాల మీద పరిశీలిస్తారు. ఐరోపా సమాఖ్య బయట చదివినవారిలో చాలామందికి లోటు ఉందని తేలుస్తారు. అప్పుడు కెంట్‌నిస్‌ప్రూఫుంగ్ అనే మౌఖిక పరీక్ష ఇవ్వాలి. అంతర్గత వైద్యం, శస్త్రచికిత్స ముఖ్యం. వాటికి తోడు అత్యవసర వైద్యం, మందుల వాడకం, ఎక్స్‌రే నుంచి రక్షణ, వైద్య వృత్తి చట్టాలు కూడా అడుగుతారు. రోగిని పరీక్షించి చూపించాలి. తప్పితే మరో రెండుసార్లు రాయవచ్చు. పదేళ్లుగా పిల్లలను చూస్తున్నవారు మళ్లీ పెద్దవారి పిత్తాశయం, తొడ ఎముక విరగడం గురించి చదవాలి. మనసుకు కష్టంగా ఉంటుంది, ముందే తెలిస్తే మంచిది.

మధ్యలో బెరూఫ్స్‌ఎర్లౌబ్నిస్ అనే తాత్కాలిక అనుమతి దొరకవచ్చు. గరిష్ఠంగా రెండేళ్లు, మరొకరి పర్యవేక్షణలో పని. చాలామంది ఆ సమయంలోనే పరీక్షకు తయారవుతారు.

ఇంకా ఉంది. అప్రోబాట్సియోన్ వచ్చినంత మాత్రాన మీరు పిల్లల నిపుణురాలు అయిపోరు. నిపుణత గుర్తింపు రాష్ట్ర వైద్య మండలి చేతిలో ఉంటుంది. మీ అనుభవంలో కొంత లెక్కలోకి తీసుకోవచ్చు, మిగతాది అసిస్టెంట్ డాక్టరుగా మళ్లీ చేయాలి. మీకంటే చిన్నవారు మీ పైన ఉంటారు.

మొత్తానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే. ఎక్కువా పట్టవచ్చు. వెళ్లొద్దని ఇదంతా రాయలేదు. ఆ పనిలో ఇప్పుడు నాకు గొప్ప తృప్తి ఉంది. వార్డులోకి వెళ్లగానే రోగులు నన్ను పేరు పెట్టి అడుగుతారు. కానీ ఆ రెండేళ్లు ఇంట్లో ఇంకొకరు జీతం తెచ్చేవారు, వంట చేసేవారు, పిల్లను చూసుకునేవారు ఉన్నందుకే నేను గట్టెక్కాను. మీ వారు ఆ పాత్రకు సిద్ధమేనా? జీతం తెచ్చే ఒక్క పనికి కాదు, మూడింటికీ?

మేఘమాల

తెల్లకోటు గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మీ చివరి ప్రశ్న మా వారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత "నీకు పరీక్ష ఉంటుందని కూడా నేను అనుకోలేదు" అన్నారు. కోపం రాలేదు, ఇంతవరకు మేమిద్దరం రెండు వేర్వేరు ప్రయాణాల గురించి మాట్లాడుకుంటున్నామని అర్థమైంది.

మిగతావారు పాప చదువు గురించి, డబ్బు గురించి కూడా చెప్పండి.

రెండో తాళంచెవి

చదువు, డబ్బు ఇతరులు చెబుతారు. ఎవరూ చెప్పనిది నేను చెబుతాను. మీ ఇద్దరి మధ్య ఏ అరమరికలూ లేవని తెలుస్తోంది, దయచేసి అపార్థం చేసుకోకండి.

మీరు వెళ్లేది భర్త మీద ఆధారపడిన నివాస అనుమతితో. జర్మనీలో భార్యాభర్తలుగా మూడేళ్లు కలిసి ఉన్న తర్వాతే, కాపురం నిలవకపోయినా మీకు విడిగా ఉండే హక్కు వస్తుంది. హింస వంటి తీవ్రమైన కారణాలు ఉంటే ముందే ఇస్తారు. ఈ సంగతి వెళ్లే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం, ఎంత మంచి కాపురమైనా సరే. ఒక బ్యాంకు ఖాతా మీ పేరుతో ఉండాలి, అద్దె ఒప్పందంలో మీ పేరు ఉండాలి, మీ పాస్‌పోర్టు, పాప పాస్‌పోర్టు ఎక్కడున్నాయో మీకు తెలియాలి. డాక్టరుగా ఉద్యోగం వచ్చిన రోజున మీ సొంత చదువు మీద సొంత అనుమతి అడగవచ్చు. అది మరిచిపోకండి.

లెక్కల పుస్తకం

డబ్బు నా వంతు. ఉద్యోగ పత్రంలో రాసేది స్థూల జీతం. పన్ను, పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా పోయాక చేతికి వచ్చేది చూడండి. పింఛను చందా 18.6 శాతం, సగం మీ వారి జీతంలోంచి, సగం యజమాని దగ్గర నుంచి. 60 నెలలు కట్టితేనే పింఛను హక్కు వస్తుంది. అంతకుముందే వెనక్కి వస్తే ఆ చందా ఏమవుతుందన్నది మీ దేశానికి, జర్మనీకి మధ్య ఉన్న ఒప్పందం మీద ఆధారపడుతుంది.

ఆరోగ్య బీమా దగ్గర జాగ్రత్త. మీ వారు ప్రభుత్వ పద్ధతి బీమాలో ఉంటే సంపాదన లేని భార్యకు, పిల్లలకు అదనపు చందా లేకుండానే వర్తిస్తుంది. జీతం ఒక హద్దు దాటినవారు, 2025లో అది ఏడాదికి 73,800 యూరోలు, ప్రైవేటు బీమాకు మారవచ్చు. ఒంటరి యువకుడికి అది చవకగా కనిపిస్తుంది. కుటుంబం ఉన్నవారికి తలా ఒక చందా కట్టాల్సి వస్తుంది. ఎవరు ఎంత ఊరించినా ప్రభుత్వ పద్ధతిలోనే ఉండమని నా సలహా.

మొదటి ఆరు నెలలు సాధారణంగా ఉద్యోగంలో పరీక్షా కాలం (ప్రొబేషన్). అప్పుడు రెండు వారాల నోటీసుతో ఎవరైనా ఒప్పందం ముగించవచ్చు. ఆరు నెలలు దాటాక, మరీ చిన్న సంస్థ కాకపోతే, ఉద్యోగికి చట్టపు రక్షణ బాగా ఉంటుంది. ఇంటికి అడ్వాన్సుగా, ఇల్లు వెచ్చబరచడం వగైరా ఖర్చులు కలపని అద్దె మూడు నెలలకు మించి అడగకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది.

పన్ను తరగతుల సంగతి మేఘమాల గారికి ముఖ్యం. ఒకరే సంపాదిస్తున్నప్పుడు భర్తను మూడో తరగతిలో, భార్యను అయిదో తరగతిలో పెడతారు, నెలకు చేతికి ఎక్కువ వస్తుందని. మీరు పని మొదలు పెట్టిన నాడు అది అలాగే ఉండిపోతే, మీ జీతంలోంచి భారీగా కోత పడుతుంది. ఏడాది చివరి లెక్కలో ఇద్దరి మీద కలిపి పడే పన్ను మారదు. కానీ నిరుద్యోగ భృతి, ప్రసూతి తర్వాత ఇచ్చే భత్యం చేతికి వచ్చిన జీతాన్ని బట్టి లెక్కిస్తారు. మీకు ఉద్యోగం వచ్చిన వెంటనే ఇద్దరూ నాలుగో తరగతికి మారండి. మీ జీతం మీ కష్టం చూపించినట్టు కనబడటం కూడా ముఖ్యమే.

మూడో అంతస్తు

పాప చదువు గురించి నేను చెబుతాను. మా అబ్బాయి దాదాపు ఇదే వయసులో వచ్చాడు.

ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతితో అయిపోతుంది. అక్కడే పిల్లలు విడిపోతారు. విశ్వవిద్యాలయం వైపు నడిపించే గిమ్నాజియంకు కొందరు, వేరే బడులకు కొందరు. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో మాత్రం ప్రాథమిక బడి ఆరో తరగతి దాకా. బవేరియాలో గిమ్నాజియంకు వెళ్లాలంటే జర్మన్, గణితం, పరిసరాల పాఠం మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. ఇక్కడ 1 అంటే అన్నిటికంటే మంచి మార్కు. ఒక్క ముక్క జర్మన్ రాని బిడ్డ సరిగ్గా ఆ ఏడాదిలో దిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. బడి మాన్పించి ఇంట్లో చదివిస్తానంటే చట్టం ఒప్పుకోదు.

భయపడమని చెప్పడం లేదు. కొత్తగా వచ్చిన పిల్లలకు భాష నేర్పే తరగతులు ఉన్నాయి. అన్ని దారుల పిల్లలూ కలిసి చదివే గెజాంట్‌షూలె బడులు ఉన్నాయి. తర్వాత గిమ్నాజియంకు మారే దారులూ ఉన్నాయి. మా వాడు మొదటి నెలల్లో బడి నుంచి వచ్చి చొక్కా చేతులు నములుతూ కూర్చునేవాడు. రెండు చేతుల చివర్లూ దారాలు ఊడిపోయి ఉండేవి. ఏం జరిగిందని అడిగితే ఏమీ లేదనేవాడు. మార్కులు కాదు, పగలంతా ఎవరితోనూ మాట్లాడకపోవడమే వాణ్ని నలిపేసింది. ఒక ఫుట్‌బాల్ జట్టులో చేర్పించాక వారం తిరక్కుండానే తేడా కనిపించింది. ఇక్కడ ఆటలు బడిలో కంటే ఊరి క్లబ్బుల్లో ఎక్కువ. పాపకు ఏది ఇష్టమో చూసి, బడికంటే ముందే ఆ క్లబ్బు వెతకండి.

చీకటి గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా దీపాలు పెట్టాలి. ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి ఆ నెలలు బరువు.

పొరుగు కిటికీ

నేను కెనడాలో ఉంటున్నాను. పోల్చి చూసుకోవడానికి ఒక్క మాట. పాయింట్లను బట్టి మనుషులను తీసుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దారిలో ఎంపికైతే శాశ్వత నివాసంతోనే దిగవచ్చు, భార్యాభర్తలిద్దరికీ సమాన హోదా. దాన్ని నిలుపుకోవాలంటే అయిదేళ్లలో 730 రోజులు దేశంలో ఉండాలి. అయితే పాయింట్లలో వయసుకు ఎక్కువ విలువ, ముప్పై దాటిన నాటి నుంచి తగ్గుతూ వస్తాయి. 2025 మార్చి నుంచి ఉద్యోగ హామీకి ఇచ్చే అదనపు పాయింట్లు కూడా తీసేశారు. వైద్యులకు ఇక్కడా తేలిక కాదు, లైసెన్సు ఒక్కో ప్రావిన్సు చేతిలో ఉంటుంది. భాష ఇంగ్లిషు కాబట్టి ఆ ఒక్క కొండ తగ్గుతుంది. చేతిలో ఉన్న జర్మనీ అవకాశాన్ని వదులుకుని ఇటు రమ్మని మాత్రం నేను చెప్పను.

మేఘమాల

అందరికీ కృతజ్ఞతలు. అత్తయ్య సంగతి ఎవరైనా చెప్పగలరా? ఆమెను వదిలి వెళ్లడం మా ఇద్దరికీ మింగుడు పడటం లేదు.

లెక్కల పుస్తకం

చట్టంలో ఒక దారి ఉంది. 2024 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ బ్లూ కార్డు వంటి నిపుణుల అనుమతి మొదటిసారి పొందినవారు తల్లిదండ్రులను పిలిపించుకోవచ్చు. పోషించే స్తోమత, ఆరోగ్య బీమా చూపించాలి. ఆ బీమా దగ్గరే చిక్కు. 55 దాటి కొత్తగా వచ్చినవారికి ప్రభుత్వ పద్ధతి బీమాలో చోటు దొరకడం దాదాపు అసాధ్యం. ప్రైవేటు బీమా ఆ వయసులో చాలా ఖరీదు. చుట్టపుచూపుగా అయితే షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే స్వల్పకాల వీసా) మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండవచ్చు.

పాత చెట్టు

చట్టం సంగతి అలా ఉంచండి. అత్తయ్య గారిని అడిగారా? మా ఇంట్లో పెద్దావిడ గురించి మేమందరం ఆమె లేనప్పుడే మాట్లాడుకునేవాళ్లం, అందుకే అడుగుతున్నాను. డెబ్బై దాటిన మనిషికి తన వీధి, తన డాక్టరు, తనతో మాట్లాడే ముగ్గురు ఉన్న చోటే ఇల్లు. మీ మాట మీద గౌరవంతో "మీ ఇష్టం" అంటారు. ఆ మాట దగ్గర ఆగకండి, రెండోసారి అడగండి.

మేఘమాల

అడిగాం. మొదట మీరు చెప్పినట్టే "మీ ఇష్టం" అన్నారు. రెండోసారి అడిగితే చెప్పారు: తాను రానని, ఆడపడుచు ఉన్న ఊళ్లో ఆమె ఇంటి పక్కన చిన్న ఇల్లు తీసుకోవాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నానని, పాపను చూసుకోవడానికే ఇక్కడ ఉంటున్నానని. మేమే ఆమెను చూసుకుంటున్నామని ఇన్నాళ్లూ అనుకున్నాం.

ఇక నా ప్రశ్న మారింది. ఆయన ముందు వెళ్లి, పరీక్షా కాలం ముగిశాక మేము వెళ్లడమా? లేక అందరం ఒకేసారి వెళ్లడమా?

ఉత్తరపు గాలి

అందరూ కలిసే రండి. విడిగా ఉన్న నెలలు ఇద్దరినీ వేర్వేరు మనుషుల్ని చేస్తాయి. ఆయన ఇక్కడ ఒంటరిగా ఒక జీవితం కట్టుకున్నాక మీరు అందులోకి అతిథిలా వస్తారు.

తెల్లకోటు

ఉత్తరపు గాలి గారి మాటలో నిజం ఉంది. అయినా మేఘమాల గారి విషయంలో నేను విడిగా వెళ్లడం వైపే మొగ్గుతాను. కారణం ఒకటే. ఇక్కడికి వచ్చాక ఇల్లు, బడి, బీమా, నివాస నమోదు అన్నీ ఆమె మీదే పడతాయి, ఎందుకంటే ఆయనకు ఆఫీసు ఉంటుంది. భాష చదువుకోవడానికి రోజులో రెండు గంటలు కూడా మిగలవు. అదే ఆరు నెలలు తన ఊళ్లో, తన ఉద్యోగంతో, తన జీతంతో ఉంటూ బి1 దాటితే, దిగిన రోజు నుంచే ఆమె నిలబడి ఉంటుంది. పాపకూ ఈ విద్యా సంవత్సరం మధ్యలో తెగదు.

ఇంకో మేలు కూడా ఉంది. ఆ ఆరు నెలల్లో ఆయనే బట్టలు ఉతుక్కుని, వంట చేసుకుని, ప్రభుత్వ కార్యాలయంలో వరుసలో నిలబడి ఆ ఊరిని తెలుసుకుంటారు. మీరు వచ్చాక ఇల్లు నడపడం ఆయనకు చేతనవుతుంది.

ఉత్తరపు గాలి

ఒప్పుకుంటున్నాను. నేను భాష సంగతి ఆలోచించలేదు. ఒక్క జాగ్రత్త: ఆరు నెలలు అని పెట్టుకున్నది ఏడాదిన్నర కాకుండా చూసుకోండి. మామూలు నివాస అనుమతి ఉన్నవారు ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే అది రద్దవుతుంది. బ్లూ కార్డు వారికి, వారి కుటుంబానికి 12 నెలల గడువు ఉంది. మీ వీసా తీసుకునే సమయం దీనికి తగ్గట్టు చూసుకోండి.

మేఘమాల

మూడు వారాలు నిన్నటితో ముగిశాయి. మా వారు ఒప్పుకుంటూ జవాబు పంపారు. ఉద్యోగంలో చేరే తేదీని రెండు నెలలు వాయిదా వేయమని అడిగితే సంస్థ సరేనంది.

ఆయన ముందు వెళతారు. నేను వారానికి నాలుగు రోజుల పనికి మారాను, జర్మన్ తరగతుల్లో చేరాను. పాప విద్యా సంవత్సరం ముగిశాక మేము వెళతాం. సంస్థ ఉన్న రాష్ట్రంలోని అధికారుల కాగితాల జాబితా తెచ్చుకున్నాం. నా అప్రోబాట్సియోన్ ఖర్చులు, అనువాదాల ఖర్చులు ఆయన మొదటి జీతాల్లోంచే కట్టాలని, నేను పరీక్షకు చదివే నెలల్లో ఇల్లు, పాప ఆయన బాధ్యతని మాట్లాడుకున్నాం. ఇది ఆయనే కాగితం మీద రాశారు.

స్థిరపడతామా అన్నదానికి మాత్రం షరతు పెట్టుకున్నాం. నేను డాక్టరుగా పనిలోకి వెళ్లగలిగితేనే అక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు. మూడేళ్లలో అది జరగకపోతే ఆయన ఉద్యోగం ఎంత బాగున్నా తిరిగి వస్తాం. ఇక్కడి ఆసుపత్రిలో నా పెద్ద డాక్టరుకు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. తిరిగి వస్తే చోటు ఉంటుందన్నారు. హామీ కాదు, మాట.

తెల్లకోటు గారూ, ఒక సందేహం. వైద్య మండలి నుంచి తెచ్చుకోవాల్సిన సత్ప్రవర్తన పత్రం ఇప్పుడే తీసుకోవాలా?

తెల్లకోటు

ఇప్పుడే వద్దు. చాలా రాష్ట్రాలు అది మూడు నెలలకంటే పాతది కాకూడదంటాయి. దరఖాస్తు పంపే ముందు చివరగా తీసుకోండి. ముందుగా తెప్పించుకోవాల్సింది ప్రతి ఏడాది చదివిన విషయాలు, గంటల లెక్కతో సహా వివరమైన పాఠ్యప్రణాళిక. కళాశాలలు దాన్ని ఇవ్వడానికి నెలలు తీసుకుంటాయి, సమానత్వ పరిశీలన నడిచేది దాని మీదే. అనువాదం జర్మనీలో ప్రమాణం చేసిన అనువాదకులతోనే చేయించండి. మామూలు అనువాదం తిప్పి పంపుతారు.